విదేశీ కప్‌కు సీట్ల లిస్టు రాయబోతున్న క్లబ్ కమిటీలకు బహిరంగ లేఖ

దిగువ డివిజన్లలో ఆడుతూ విదేశీ కప్ టోర్నీలో చోటు దక్కించుకున్న ఫుట్‌బాల్ క్లబ్బుల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు,

ముందుగా అభినందనలు. ఇక అసలు సంగతికి వస్తాం.

ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే డ్రా వచ్చిన మర్నాడే కమిటీ గదిలో ప్రయాణికుల జాబితా మొదలవుతుంది. పై వరుసల్లో కమిటీ పెద్దల పేర్లు, ఆ కింద కోచ్, ఆటగాళ్లు. చివరికొచ్చేసరికి సీట్లు చాలవు. అప్పుడు కలం పోటు పడేది రెండో ఫిజియో మీద, కిట్ చూసే మనిషి మీద, మూడో గోల్‌కీపర్ మీద. మిగిలిన డబ్బుకు సరిపోయేలా మ్యాచ్ ముందురోజు సాయంత్రం దిగే విమానం వెతుకుతారు. కిట్లు, కాగితాలు, కాళ్లు చూసుకునేవాళ్లుగా మేం అడిగేది ఒక్కటే: ఆ జాబితాను కింది నుంచి పైకి రాయండి. అక్కడ పని ఉన్నవాళ్లకే సీటు ఇవ్వండి. అలా మిగిలిన డబ్బుతో జట్టును కనీసం రెండు రాత్రులు ముందుగా చేర్చండి.

మా లెక్క 28 మంది. ఆటగాళ్లు 20, అందులో గోల్‌కీపర్లు ముగ్గురు. హెడ్ కోచ్, అసిస్టెంట్, గోల్‌కీపింగ్ కోచ్. డాక్టర్ ఒకరు, ఫిజియో ఒకరు. డాక్టర్ దొరక్కపోతే ఫిజియోలే ఇద్దరు. కిట్ మేనేజర్. వీసాలు, రిజిస్ట్రేషన్లు, మ్యాచ్ షీటు చూసే మనిషి ఒకరు. క్లబ్ తరఫున సంతకం పెట్టే అధికారమున్న కమిటీ సభ్యుడు ఒకరు. ఆ ఒక్కరూ తప్పనిసరి, ఎందుకంటే ఫిర్యాదు దాఖలు చేయాలన్నా, ఆటగాణ్ని ఆస్పత్రిలో చేర్చాలన్నా సంతకం కావాలి. ఏడుగురు ఉంటే మాత్రం ఏడు సంతకాలు ఎవరూ అడగరు. మూడో గోల్‌కీపర్ దేనికని ప్రతి కమిటీలోనూ ఒకరు అడుగుతారు. జాబితా గడువు ముగిశాక ప్రాక్టీసులో ఒక కీపర్ వేలు విరిగితే, రెండో కీపర్‌కు మ్యాచ్‌లో రెడ్ కార్డు పడితే, ఫార్వర్డ్ ఆటగాడికి గ్లవ్స్ తొడగాల్సి వస్తుంది. అందుకు.

చిన్న క్లబ్బుకు ఇదంతా అతి అనుకుంటే జపాన్‌లోని వెంట్‌ఫోరెట్ కోఫును చూడండి. 2022లో రెండో డివిజన్‌లో 18వ స్థానంలో ముగించిన జట్టు, అదే ఏడాది జపాన్ జాతీయ కప్ అయిన ఎంపరర్స్ కప్ గెలిచింది. దాంతో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) నడిపే 2023-24 చాంపియన్స్ లీగ్‌లో రెండో డివిజన్ జట్టుగానే ఆడి, మెల్‌బోర్న్ సిటీ, బురీరామ్, జెజియాంగ్ ఉన్న గ్రూపులో మొదటి స్థానం తెచ్చుకుంది. అయితే వాళ్ల సొంత స్టేడియం ఏఎఫ్‌సీ నిబంధనలకు సరిపోలేదు. హోమ్ మ్యాచ్‌లను టోక్యో నేషనల్ స్టేడియంలో ఆడాల్సి వచ్చింది. మీకూ ఇంటా బయటా రెండు మ్యాచ్‌ల పద్ధతి ఉంటే మీ గ్రౌండు సంగతి ఇవాళే తేల్చుకోండి. అంతర్జాతీయ మ్యాచ్‌కు ఆట నిబంధనల ప్రకారం పొడవు 100 నుంచి 110 మీటర్లు, వెడల్పు 64 నుంచి 75 మీటర్లు ఉండాలి. లైట్లు, సీట్లు, డోపింగ్ పరీక్ష గది వంటివన్నీ టోర్నీ నిబంధనల్లో వేరుగా ఉంటాయి. వేరే స్టేడియం అద్దెకు తీసుకోవాల్సి వస్తే టికెట్ల ఆదాయం మీద పెట్టుకున్న ఆశ సగం అక్కడే కరిగిపోతుంది.

కాగితాల పని అనుమతితో మొదలవుతుంది. రెండు వేర్వేరు దేశాల సంఘాలకు చెందిన క్లబ్బులు తలపడితే, అది ఫ్రెండ్లీ అయినా ఫిఫా దృష్టిలో అంతర్జాతీయ మ్యాచే. మీ సంఘం అనుమతి, ఆతిథ్య దేశ సంఘం అనుమతి ఉండాలి. స్థాయిని బట్టి కాన్ఫెడరేషన్ల (ఖండాల వారీ సమాఖ్యల) అనుమతీ కావాలి. ఆహ్వాన టోర్నీ పేరుతో ఎంట్రీ ఫీజు ముందే పంపమని ఎవరైనా రాస్తే, పైసా కదిలించే ముందు ఆతిథ్య సంఘానికి నేరుగా రాసి ఆ టోర్నీకి గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. గుర్తింపు లేని టోర్నీలో ఆడితే శిక్ష మీ క్లబ్బుకు, మీ ఆటగాళ్లకు పడుతుంది.

తర్వాతిది ఆటగాళ్ల జాబితా. మీ లీగ్‌లో రిజిస్టరైనంత మాత్రాన కప్‌లో ఆడే అర్హత వచ్చేసినట్టు కాదు. కప్‌కు వేరే జాబితా, వేరే గడువు. ఇక్కడ ఎంత చిన్న పొరపాటు ఎంత ఖరీదు చేస్తుందో 2014లో పోలండ్ క్లబ్ లెగియా వార్సా చూపించింది. యూరప్ చాంపియన్స్ లీగ్ క్వాలిఫయింగ్‌లో స్కాట్లండ్ క్లబ్ సెల్టిక్‌ను మొదట 4-1తో, తర్వాత 2-0తో ఓడించింది. రెండో మ్యాచ్ చివరి నిమిషాల్లో ఒక సబ్‌స్టిట్యూట్‌ను దించింది. అతనికి అంతకుముందు సీజన్ నుంచి మూడు మ్యాచ్‌ల సస్పెన్షన్ ఉంది. ముందు రౌండు రెండు మ్యాచ్‌లు, సెల్టిక్‌తో మొదటి మ్యాచ్ కలిపి మూడూ కూర్చున్నాడు కదా, శిక్ష తీరిపోయిందని క్లబ్ లెక్కేసుకుంది. కానీ ముందు రౌండు జాబితాలో అతని పేరే ఇవ్వలేదు. జాబితాలో లేనివాడు కూర్చున్న మ్యాచ్ శిక్ష కింద లెక్కకు రాదు. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా ఆ మ్యాచ్‌ను 3-0తో సెల్టిక్‌కు ఇచ్చేసింది. మొత్తం 4-4 అయి, స్కోరు సమమైతే ప్రత్యర్థి గడ్డ మీద ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టును గెలిపించే బయటి గోలు నిబంధనతో సెల్టిక్ ముందుకెళ్లింది. గ్రౌండులో 6-1తో గెలిచిన జట్టు ఇంటికెళ్లింది. అంత పెద్ద ఆఫీసున్న క్లబ్బుకే అలా జరిగితే, కోశాధికారే కార్యదర్శి పని కూడా చూసే మన క్లబ్బుల సంగతి చెప్పక్కర్లేదు.

కాబట్టి ఒక పెద్ద షీటు వేయించండి. ఒక్కో ఆటగాడికి ఒక్కో వరుస. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, పాస్‌పోర్టు గడువు, వీసా గడువు, పాత సస్పెన్షన్లు, ఈ టోర్నీలో పడ్డ ఎల్లో కార్డులు. వేరే దేశం నుంచి వచ్చిన ఆటగాడైతే అంతర్జాతీయ బదిలీ సర్టిఫికెట్ ఏ తేదీన వచ్చిందో కూడా. శిక్ష మిగిలి ఉన్న ఆటగాడి పేరును కూడా జాబితాలో ఇవ్వండి, లేకపోతే ఆ శిక్ష అలాగే ఉండిపోతుంది. అనుమానం ఉంటే టోర్నీ నిర్వాహకులకు రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోండి. ఫోన్‌లో ఎవరో "పర్లేదు, ఆడించండి" అన్నారంటే అది ఏ విచారణలోనూ పనికిరాదు.

టోర్నీ నిబంధనల పుస్తకాన్ని కోచ్ చేత కూడా చదివించండి. మ్యాచ్ సమమైతే ఎక్స్‌ట్రా టైమా, నేరుగా పెనాల్టీలా? బయటి గోలు నిబంధనను యుయెఫా 2021లో తీసేసింది. మీ టోర్నీ తీసేసిందా? సబ్‌స్టిట్యూషన్లు ఐదు వరకు, అవీ హాఫ్ టైమ్ కాకుండా మూడు విడతల్లోనే అన్నది ఇప్పుడు సాధారణం. దేశవాళీ దిగువ లీగులకు వేరే ఏర్పాటు ఉండొచ్చు కాబట్టి, అలవాటు చొప్పున ఒక్కొక్కరినే దించుతూ పోతే మూడు విడతలూ అయిపోయి, ఇద్దరు ఆటగాళ్లు మిగిలి ఉన్నా దించలేని పరిస్థితి వస్తుంది.

వీసాల విషయంలో ఆలస్యానికి కారణం తరచూ రాయబార కార్యాలయం కాదు, మనమే. చాలా దేశాలు తిరుగు ప్రయాణం నాటికి పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల గడువు ఉండాలంటాయి. ఒకే వీసా చెల్లే షెంగెన్ (యూరప్) దేశాలకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. మధ్యలో విమానం మారే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో ఒక్కో ఆటగాడి పాస్‌పోర్టును బట్టి విడిగా చూడాలి. 19 మందికి అక్కర్లేనిది ఇరవయ్యో మనిషికి కావాల్సి రావొచ్చు. ఆ ఇరవయ్యో మనిషి మీ సెంటర్ బ్యాక్ అయితే ఇక చెప్పేదేముంది!

టికెట్లు గ్రూప్ బుకింగ్‌లో, పేరు మార్చుకునే వీలున్న ఛార్జీకి తీసుకోండి. గాయాలవుతాయి, జట్టు మారుతుంది. చవకని వేర్వేరు టికెట్లు కలిపి కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఆ నష్టం మీదే. ఒకే టికెట్‌గా ఉంటే తర్వాతి విమానం చూడాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్స్‌ది. 28 మంది, 40 పెట్టెలతో విమానం మారాలంటే మధ్యలో మూడు గంటలైనా ఉండాలి.

ఎన్ని రోజులు ముందు చేరాలన్నది దూరాన్ని బట్టి కాదు, గడియారాన్ని బట్టి తేల్చాలి. టైమ్ జోన్ ఒక్కోటి దాటినందుకు శరీరం సర్దుకోడానికి సుమారు ఒక రోజు పడుతుంది. తూర్పుకు వెళ్లడం పడమరకు వెళ్లడం కంటే కష్టం, ఎందుకంటే నిద్రను ఆలస్యం చేయడం కంటే ముందుకు జరపడం శరీరానికి ఇబ్బంది. తూర్పుకైతే బయలుదేరే ముందు మూడు రోజులు అరగంట నుంచి గంట చొప్పున ముందుగా పడుకోబెట్టండి, పడమరకైతే అంతే ఆలస్యంగా. దిగిన రోజు మధ్యాహ్నం కునుకు అరగంట మించనీయొద్దు. మించితే ఆ రాత్రి నిద్ర పోయినట్టే. రెండు రాత్రులు ముందుగా వెళ్తే ఆరు జోన్ల తేడా పూర్తిగా తీరదు, నిజమే. కానీ కొత్త చోట మొదటి రాత్రి పట్టే పాడు నిద్ర మ్యాచ్ ముందు రాత్రి కాకుండా పోతుంది. రెండు రాత్రుల డబ్బుతో కొనేది అదే.

ఉత్తరం-దక్షిణం ప్రయాణాలు వేరే రకం. హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచ్ దీవి రీయూనియన్‌కు చెందిన జేఎస్ సెయింట్ పియరోయిజ్ 2020 జనవరిలో ఫ్రెంచ్ కప్ కోసం 9,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, రెండో డివిజన్ క్లబ్ నియోర్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించింది. అంత దూరానికీ గడియారంలో తేడా మూడు గంటలే. అలాంటి జట్టుకు సమస్య నిద్ర కాదు, వాతావరణం: రీయూనియన్‌లో జనవరి నడి వేసవి, ఫ్రాన్స్‌లో చలికాలం. చలికి పొడవు చేతుల లోదుస్తులు, గ్లవ్స్, వార్మప్‌కు అదనంగా ఐదు పది నిమిషాలు చాలు. చలి నుంచి ఎండలోకి వెళ్లే జట్టుకే అసలు కష్టం. వేడికి శరీరం పూర్తిగా అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు కావాలి, అందులో ఎక్కువ మార్పు మొదటి వారంలోనే వస్తుంది. అన్ని రోజులు ముందు వెళ్లే స్తోమత దిగువ డివిజన్‌లో ఎవరికీ ఉండదు కాబట్టి ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి. ప్రయాణానికి ముందు రెండు వారాలు ప్రాక్టీసు మిట్టమధ్యాహ్నానికి మార్చండి, లేదా వేడి చేసిన గదిలో రోజుకో గంట సైకిల్ తొక్కించండి.

దీనికి ఫిజియో దగ్గర ఉండాల్సిన పరికరం ఒక తూకం మిషన్, అంతే. ప్రాక్టీసుకు ముందు, తర్వాత ఆటగాళ్లను తడి బట్టలు లేకుండా తూచాలి. 70 కిలోల మనిషి 1.4 కిలోలు తగ్గాడంటే 2 శాతం పోయినట్టు; అక్కడి నుంచి పరుగూ తగ్గుతుంది, నిర్ణయాలూ తప్పుతాయి. తగ్గిన ప్రతి కిలోకూ లీటరుంబావు నుంచి లీటరున్నర దాకా, ఉప్పు కలిసిన పానీయం కొన్ని గంటల్లో విడతలుగా తాగించాలి. ఒక్కసారే మంచినీళ్లు పట్టిస్తే కడుపు ఉబ్బరం తప్ప లాభం లేదు. నిబంధనల ప్రకారం మ్యాచ్‌లో కూలింగ్ బ్రేక్ 90 సెకన్ల నుంచి మూడు నిమిషాల దాకా ఉండొచ్చు. ఆ మూడు నిమిషాల్లో ఐసు తువ్వాళ్లు, సీసాలు పేర్లు చూసి అందించాలంటే బెంచీ దగ్గర నాలుగు చేతులు కావాలి. ఒక్క ఫిజియో ఉంటే రెండే చేతులు. ఆ సమయంలో వీఐపీ గ్యాలరీలో కూర్చున్న చేతులు ఎన్ని ఉన్నా కిందికి అందవు.

మందుల పెట్టె గురించి కమిటీలు ఎప్పుడూ మాట్లాడవు. మాట్లాడాలి. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ మ్యాచ్ రోజున మూత్రంలో మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములు దాటితే అది డోపింగే. వాపు తగ్గించే (గ్లూకోకార్టికాయిడ్) స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, మోకాలి కీలులోకి ఇచ్చేవి సహా, పోటీ సమయంలో 2022 నుంచి నిషేధం. నొప్పి మందు ట్రమడాల్ కూడా పోటీ సమయంలో 2024 నుంచి నిషేధం. ఆస్తమా ఉన్న ఆటగాడు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 మించకుండా వాడొచ్చు. అంతకు మించి కావాలంటే చికిత్స మినహాయింపు అనుమతి ముందుగానే తీసుకోవాలి. ఇంకో చిక్కు: ఒకే బ్రాండు పేరుతో వేరే దేశంలో వేరే మందు కలిసి ఉండొచ్చు. పరాయి ఊళ్లో రాత్రి పదకొండింటికి ముక్కు కారుతోందని ఆటగాడు ఎదురుగా ఉన్న మందుల షాపుకు వెళ్లకుండా, నేరుగా డాక్టర్ గది తలుపు తట్టేలా ఉండాలి. డాక్టర్ ఉంటేనే కదా తట్టేది. మన దగ్గర మామూలైన మందు ఇంకో దేశంలో చట్టవిరుద్ధం కావొచ్చు కూడా. సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించిన మందులను జపాన్ లోపలికి రానివ్వదు. ప్రతి మందుకూ చీటీ, మోతాదు, అసలు పెట్టె ఉండాలి.

మండే గుణమున్న నొప్పి స్ప్రేలను విమానంలో రానివ్వకపోవచ్చు, అక్కడే కొనండి. కత్తెరలు లగేజీలోకి. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు మాత్రం తప్పనిసరిగా చేతి సంచుల్లోనే. బ్యాటరీ ఉండే మసాజ్ గన్ కూడా చేతి సంచిలోనే పెట్టండి. పెట్టెలో పెట్టేస్తే, చెక్-ఇన్ దగ్గర పెట్టెలన్నీ విప్పించి ఒక్క గన్ కోసం అరగంట నిలబెడతారు.

కిట్ సంగతి. రంగులు కలవకుండా రెండు పూర్తి సెట్లు, గోల్‌కీపర్లకు మూడు రంగులు. రెండు సెట్లూ ఒకే పెట్టెలో ఎప్పుడూ వద్దు. పెట్టె దారి తప్పితే మ్యాచ్ సమయానికి దొరుకుతుందన్న నమ్మకం లేదు కనుక, ఒక సెట్టు జెర్సీలు, షార్ట్స్, సాక్సులు ఆటగాళ్ల చేతి సంచుల్లో వెళ్లాలి. ఎవరి బూట్లు, షిన్‌గార్డులు, గ్లవ్స్ వాళ్ల దగ్గరే. నంబరు లేని ఖాళీ జెర్సీలు ఒక్కో రంగులో రెండేసి, అతికించే అంకెలు ఒక సెట్టు. నెత్తురు అంటిన జెర్సీతో రెఫరీ ఆడనివ్వరు. సాక్సు మీద చుట్టే టేపు సాక్సు రంగే అయి ఉండాలి, లోపలి బనియను చేతులు జెర్సీ చేతుల ముఖ్యమైన రంగులో ఉండాలి. తెల్ల టేపు పది చుట్టలు తెచ్చి ఎర్ర సాక్సుల మీద చుట్టిన జట్టు, గ్రౌండులోకి వెళ్లే సొరంగంలో నిలబడి టేపు పీక్కుంటూ ఉంటుంది. ఛాతీ మీది స్పాన్సర్ గుర్తు కూడా చూడండి. ఫ్రాన్స్‌లో 1991 నాటి ఎవాం చట్టం ప్రకారం జెర్సీ మీద మద్యం ప్రకటన కుదరదు. బీరు కంపెనీయో బెట్టింగ్ కంపెనీయో మీ స్పాన్సర్ అయితే గుర్తులేని సెట్టు ముందే కుట్టించి, ఆ మాట స్పాన్సర్‌కు కూడా ముందే చెప్పండి. వెళ్లొచ్చాక చెబితే డబ్బు కోసుకుంటారు.

గ్రౌండు గడ్డిదా కృత్రిమమా అన్నది డ్రా రోజే అడగండి. కృత్రిమ గడ్డి మీద పొడవైన ఇనుప స్టడ్స్ వేసుకుంటే పాదం ఇరుక్కుని మోకాలు తిరుగుతుంది. చాలా గ్రౌండ్లు అసలు అనుమతించవు కూడా. పొట్టి గుబ్బలు ఎక్కువగా ఉండే అడుగున్న బూట్లు కావాలి. వాటిని కొత్తగా కొని అక్కడే తొడిగితే బొబ్బలు తప్పవు. రెండు వారాల ముందే ఇచ్చి నడిపించండి. టోర్నీ బంతి ఏ కంపెనీదో తెలుసుకుని ఓ పది తెప్పించుకోండి. అన్ని బంతులూ 68 నుంచి 70 సెంటీమీటర్ల చుట్టుకొలత, 410 నుంచి 450 గ్రాముల బరువే. కానీ గాలి ఒత్తిడిని 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ దాకా నిబంధన ఒప్పుకుంటుంది. 0.7 మీద అలవాటైన కీపర్‌కు 1.0 మీదున్న బంతి చేతుల్లోంచి ఎగిరిపోతుంది. ప్రెజర్ గేజి, పంపు, అరడజను సూదులు పట్టుకెళ్లండి. సూదులు విరుగుతాయి.

డబ్బు విషయంలో ఒక్క మాట. నిర్వాహకులు ఇస్తామన్న ప్రయాణ ఖర్చు సాధారణంగా మ్యాచ్ అయ్యాక వస్తుంది, బిల్లులు ముందే కట్టాలి. ఆ మధ్య కాలానికి అప్పు ఎక్కడ తెస్తారో కోశాధికారి ఇప్పుడే చెప్పాలి. ఆటగాళ్ల జీతాలు ఆపి టికెట్లు కొన్న క్లబ్బు, ఎయిర్‌పోర్టులోనే గొడవ మొదలుపెట్టుకున్నట్టు. ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవాళ్లకు పోయే జీతం, సెలవు కాగితం కూడా ఖర్చు కిందే రాయండి. యజమానులకు ఆటగాడు కాకుండా క్లబ్బే ఉత్తరం రాయాలి.

చివరిగా, తిరిగి వచ్చాక ఉండే లీగ్ మ్యాచ్. ఇంగ్లండ్ క్లబ్ విగాన్ 2013లో ఎఫ్‌ఏ కప్ గెలిచి, అదే వారంలో రెండో డివిజన్‌కు పడిపోయింది. తర్వాతి సీజన్‌లో 46 లీగ్ మ్యాచ్‌ల మధ్య యూరోపా లీగ్ గ్రూపు మ్యాచ్‌లు ఆరు ఆడాల్సి వచ్చింది. మన క్లబ్బుల్లో అంత పెద్ద జట్టు ఉండదు. కాబట్టి డ్రా వచ్చిన వారంలోనే లీగ్‌కు మ్యాచ్ వాయిదా కోరుతూ రాయండి, ప్రత్యర్థి క్లబ్బు ఒప్పుకోలు జత చేసి. లీగ్ కాదంటే, ఆ మ్యాచ్‌కు ఎవరిని ఆడించాలో ప్రయాణానికి ముందే కోచ్ తేల్చాలి. విమానం దిగిన 48 గంటల్లో అదే పదకొండు మందిని మళ్లీ దింపితే తొడ కండరాలు పట్టేస్తాయి, ఆరు వారాలు ఫిజియో బల్ల ఖాళీ ఉండదు.

వచ్చే కమిటీ సమావేశంలో మూడు తీర్మానాలు మినిట్స్‌లో రాయించండి: ప్రయాణికుల జాబితాను కోచ్, ఫిజియో, రిజిస్ట్రేషన్ చూసే మనిషి కలిసి తయారు చేయాలి, కమిటీ తరఫున ఒక్కరే వెళ్లాలి, రెండు రాత్రుల ముందస్తు బసకు నిధి విడిగా పెట్టాలి. అంతకు మించి వెళ్లాలనుకునే పెద్దలు సొంత ఖర్చుతో, వేరే విమానంలో రావొచ్చు. మ్యాచ్ టికెట్లు మేమే తీసిపెడతాం.

ఇట్లు,
కిట్ గదుల్లో, ఫిజియో బల్లల దగ్గర, రిజిస్ట్రేషన్ ఫైళ్ల మధ్య పనిచేసే కొందరం